ఎనిమిదేళ్ళ చీనీ రైతుల గ్రూపు రాత్రికి రాత్రి పోయింది, ఈసారి యాడ పెట్టాల?

గార్లదిన్నె_చీనీ
ఆదివారం రాత్రి 9:52

అన్నలకి అక్కలకి నమస్తే. మాది అనంతపురం పక్కన గార్లదిన్నె మండలం, నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉండాది, మా నాయనా నేనూ చూసుకుంటాం. 2017లో డిగ్రీ అయిపోయి ఊరికే ఉన్నప్పుడు ఒక పెద్ద సోషల్ మీడియా కంపెనీ దాంట్లో చీనీ రైతుల గ్రూపని ఒకటి పెట్టినా. మొదట్లో ముప్పై మంది, అంతా మా బంధువులే. పోయిన నెలకి పద్నాలుగు వేలు దాటినారు, నార్పల, పుట్లూరు, యల్లనూరు, ఇటు పులివెందుల, లింగాల దాకా. బంక తెగులుకి ఎవరేం చేసినారు, కాయకి మంగు యెందుకొస్తాది, నీళ్ళాపి చెట్టుని ఎన్నాళ్ళు బెట్టకి వదిలితే పూత బాగుంటాది, యార్డులో ఈ పొద్దు టన్ను ఎంత పలికింది, ఏ మండీలో సూటు (తూకంలో తీసే తరుగు) ఎంత కోస్తాండారు, అన్నీ దాంట్లోనే.

పోయిన మంగళవారం పొద్దున లేచి చూస్తే గ్రూపు లేదు. మా నియమాలకి విరుద్ధంగా ఉంది అని ఒక లైను, కింద అప్పీలు అని ఒక బటన్. నొక్కితే రెండు నిమిషాల్లో "పరిశీలించాము, మా నిర్ణయం మారదు" అని వచ్చింది. రెండు నిమిషాల్లో ఎనిమిదేళ్ళు ఎవుడు పరిశీలించినాడప్పా? నాకొక అనుమానం ఉండాది. మా గ్రూపులో పొద్దస్తమానం "మందు ఎంత కొట్టాల", "ఏ మందు బాగా పని చేస్తాది", "మందు యాడ దొరుకుతాది" అనే కదా అడిగేది, మెషిను దాన్ని వేరే మందు అనుకున్నాదేమో అని. నవ్వులాటకి కాదు, నిజంగానే అంటున్నా. మాట్లాడేదానికి మనిషి లేడు, ఫోన్ నంబర్ లేదు.

నేనడిగేది రెండు. ఒకటి, పోయింది తెచ్చుకునే దారి ఏమన్నా ఉందా. రెండోది, ఈసారి పెట్టేది ఇట్ల ఒకడు బటన్ నొక్కితే పోకుండా, అకౌంటు లేనోళ్ళు కూడా చదివేటట్టు, గూగుల్లో "చీనీ బంక తెగులు" అని కొడితే దొరికేటట్టు యాడ పెట్టాల? ఖర్చు జాస్తి పెట్టలేం. నాకు కంప్యూటరు రొంత వచ్చు, ప్రోగ్రామింగ్ రాదు.


ఆదోని_పత్తి
ఆదివారం రాత్రి 10:31

బాధే తమ్ముడూ, కానీ ఇంకో గ్రూపు పెట్టుకో, అయిపోతాది. వెబ్‌సైటూ గిబ్‌సైటూ అని డబ్బు తగలేయొద్దు. నేను 2019లో పత్తి రేట్లకని ఒక సైటు చేయించినా, పద్దెనిమిది వేలు తీసుకున్నాడు చేసినోడు, రోజుకి నలుగురు చూసేవాళ్ళు, దాంట్లో ఒకడు నేనే. జనం యాడుంటే ఆడికి పోవాల మనం. రైతు ఫోన్లో నాలుగు యాప్‌లే తెరుస్తాడు.


క్లాక్‌టవర్_కాడ
సోమవారం ఉదయం 7:15

నాది అనంతపురమే, పదిహేనేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని. పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదువు తమ్ముడూ.

మొదటి దానికి జవాబు, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఇలాంటి చోట "మీ డేటా డౌన్‌లోడ్" అని ఒకటి ఉంటుంది, అది నీ అకౌంటు ఇంకా బతికుంటే వెంటనే నొక్కు, కాకపోతే దాంట్లో నువ్వు రాసినవి వస్తాయి, మిగతా పద్నాలుగు వేల మంది రాసినవి రావు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు పాత వెబ్ పేజీల కాపీలు చూపించే వేబ్యాక్ మెషీన్‌లో దొరుకుతుందేమో అని ఎవరన్నా చెప్తారు, దొరకదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు 1996 నుంచి వెబ్ పేజీలు దాస్తున్నారు గానీ ఎవరికైనా తెరుచుకునే పేజీలే వాళ్ళ మెషీన్‌కి అందుతాయి, లాగిన్ అడిగే తలుపు దగ్గరే అది ఆగిపోతుంది. గూగుల్ కూడా అంతే. నీ గ్రూపు ఉన్న ఎనిమిదేళ్ళూ లోపలున్న వాళ్ళకి తప్ప బయట లోకానికి లేనట్టే, అది మనకి ఈ మంగళవారం తెలిసింది. కాబట్టి చేయగలిగింది ఏమంటే మెంబర్లని అడగడం, వాళ్ళ ఫోన్లలో స్క్రీన్‌షాట్లు ఉంటాయి, ఆ గ్రూపుకి తోడు మీకు వాట్సాప్ గ్రూపులు కూడా ఉండే ఉంటాయి కదా, దాంట్లో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంది, నొక్కితే మామూలు టెక్స్ట్ ఫైల్ వస్తుంది, ఈ రోజే తీసి పెట్టుకో.

ఇది నీ ఒక్కడికే జరిగింది కాదు. జియోసిటీస్ అని జనం సొంత పేజీలు పెట్టుకునేది ఉండేది, యాహూ దాన్ని 2009లో మూసేసింది. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది. మా కాలేజీ బ్యాచ్ గొడవలన్నీ దాంట్లోనే ఉండేవి, పోవడమే మంచిదైంది అది వేరే సంగతి. గూగుల్ రీడర్ 2013 జూలైలో. గూగుల్ ప్లస్ 2019లో. యాహూ గ్రూప్స్‌లో తెలుగు వాళ్ళు పద్యాల మీద, కథల మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు, 2019 డిసెంబర్‌లో పాత పోస్టులు తీసేసి 2020 డిసెంబర్‌లో మొత్తం కట్టేశారు. వీటిలో ఒక్కటీ చెడ్డోడు ఎవడో చేసిన పని కాదు, లాభం లేని కొట్టు కట్టేసుకున్నారు అంతే. దాని మీద మనకి హక్కేమీ లేదు, సంతకం పెట్టిన రోజే ఒప్పుకున్నాం.

అదే ఈమాట పత్రిక చూడు, 1998 నుంచి వెబ్‌లో ఉంది, పాత సంచికలు ఇప్పటికీ తెరుచుకుంటాయి, అకౌంటు అడగదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది, దాంట్లో ఎవరైనా రాయొచ్చు, మొత్తం కాపీ ఎవరైనా దించుకోవచ్చు, రేపు దాన్ని నడిపే సంస్థ లేకపోయినా ఆ కాపీ ఉన్నోడు మళ్ళీ నిలబెట్టొచ్చు. వెబ్ అనేదే అలా పుట్టింది. టిమ్ బెర్నర్స్ లీ అని సెర్న్ ల్యాబులో 1989లో ప్లాను రాశాడు, 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్ మీద మాకు హక్కులేం వద్దు ఎవరైనా వాడుకోండి అని కాయితం రాసిచ్చేసింది. అందుకే నువ్వు ఈ రోజు గార్లదిన్నెలో కూర్చుని ఎవర్నీ అడక్కుండా ఒక సైటు పెట్టగలవు.

పెట్టే పద్ధతి. ముందు ఒక పేరు కొనుక్కో, డాట్ ఇన్ అయితే ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది, దాన్ని నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తోనే కొనాలి, సైటు చేసేవాడి పేరు మీద కాదు. (ఆదోని అన్నా, నీ పత్తి సైటు పేరు ఎవరి మీద ఉందో ఒకసారి చూసుకో.) తర్వాత పేజీలు. డేటాబేసులు, యాప్‌లు వద్దు, ఒక్కో తెగులుకి ఒక్కో మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ చాలు. అది ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఏ బ్రౌజర్‌లో అయినా తెరుచుకుంటుంది. అలాంటి పేజీలని ఊరికే పెట్టుకోనిచ్చే హోస్టింగులు చాలా ఉన్నాయి, ఒకడు తీసేస్తే ఫోల్డర్ ఎత్తుకుని ఇంకోడి దగ్గరకి పో, పేరు నీదే కాబట్టి చదివేవాడికి తేడా తెలీదు. ఫోల్డర్ కాపీ నీ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నీ స్నేహితుడి దగ్గర ఒకటి ఉండాలి.

వికీపీడియాలోనే రాస్తే పోలా అనుకోవచ్చు, దాంట్లో ఎక్కడో అచ్చయిన ఆధారం ఉంటేనే రాయనిస్తారు, మీ నాయన తోటలో ఏమైందో దానికి అక్కడ చోటు లేదు. అది వాళ్ళ తప్పు కాదు.

ఇంకొకటి మర్చిపోయా. రైతులు రాసింది ఎక్కించే ముందు వాళ్ళని అడుగు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు తీసెయ్. గ్రూపులో చెప్పుకున్నది వేరు, లోకం మొత్తానికి పెట్టడం వేరు.


ఆదోని_పత్తి
సోమవారం ఉదయం 8:40

చూసినా అన్నా. ఆ పేరు చేసినోడి మీదే ఉండాది. ఇప్పుడు దాంట్లో రమ్మీ ఆట ప్రకటనలు వస్తాండాయి. సరేలే. కానీ నా మాట అదే, సైటు పెడితే సరిపోదు, చూసేటోడు రావాల గదా.


మైదుకూరు_పసుపు
సోమవారం మధ్యాహ్నం 1:20

ఆదోని అన్న చెప్పింది తీసిపారేసేది కాదు సామీ. ఇది మా దగ్గర బోర్ల కథే. మా ఊర్లో చేదబాయి ఉండేది, నలభై అడుగుల్లో నీళ్ళు, ఊరంతా తోడుకునేది. ఒకడు మూడొందల అడుగులు బోరేసినాడు, ఇంకోడు ఆరొందలు, ఇంకోడు వెయ్యి. బాయిని ఎవురూ పూడ్చలేదు, బాయి మీద ఎవురూ కేసు పెట్టలేదు, దానంతట అదే ఎండిపోయింది. వెబ్ కూడా అట్లనే ఎండిపోతాంది, ఎవురూ మూసేయకుండానే. జనాన్నంతా వాళ్ళ లోతుల్లోకి గుంజేసుకున్నారు.

కానీ ఒకసారి మనం ఆపినాం, అది కూడా చెప్పాల. 2015లో ఫేస్‌బుక్ వాళ్ళు రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అని తెచ్చినారు, మొదట తెచ్చిన ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రా, తెలంగాణ కూడా ఉండాయి. డేటా డబ్బుల్లేకుండా కొన్ని సైట్లు ఊరికే చూడొచ్చు, కాకపోతే అవి ఏవో వాళ్ళు ఒప్పుకున్నవే. తర్వాత పేరు ఫ్రీ బేసిక్స్ అని మార్చినారు. ఎయిర్‌టెల్ వాళ్ళది జీరో అని ఇంకోటి, డబ్బు కట్టిన కంపెనీల యాప్‌లు జనానికి ఫ్రీ. నేనప్పుడు ప్రొద్దుటూర్లో డిగ్రీ ఫైనలియర్, మా హాస్టల్లో రెండు పార్టీలు. ఊరికే ఇస్తే వద్దంటారేందిరా మీకేం పోయేకాలం, బీదోడికి కొంతన్నా వస్తాది గదా అని ఒక పార్టీ. ఆ కొంత ఏదో ఎవుడు తేల్చాల అని మా పార్టీ. టెలికం కంపెనీలకి రూళ్ళు పెట్టే ట్రాయ్‌కి పది లక్షల పైన మెయిళ్ళు పోయినాయి దేశమంతా కలిసి, దాంట్లో నాది ఒకటి, మా రూమ్మేటుది కూడా నేనే పంపించినా వానికి తెలీకుండా. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది, చూసే సైటుని బట్టి డేటా రేటు మార్చకూడదని. ఫేస్‌బుక్ వాళ్ళు ఆ నెలలోనే సర్దుకున్నారు.

చీనీ తమ్ముడు రేపు పెట్టే సైటుకి, కోట్ల కంపెనీ సైటుకి ఒకే రేటు డేటా పడేది ఆ రూలు వల్లనే. ఆ పొద్దు అది రాకపోయింటే, నీ బంక తెగులు పేజీ తెరిచేదానికి రైతు డబ్బు కట్టాల, వాళ్ళ యాప్‌లో మందు కంపెనీ ప్రకటన చూసేదానికి ఊరికే.

అయినా ఏమైంది, అదే సంవత్సరం సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైపోయినాక, మనమంతా మనకై మనమే పోయి అవే రెండు మూడు యాప్‌లలో కూర్చున్నాం. అది రాసుకుంటాంటే నాకే నవ్వొస్తాంది.


గార్లదిన్నె_చీనీ
సోమవారం సాయంత్రం 6:48

క్లాక్‌టవర్ అన్నా, శానా థ్యాంక్స్. నా అకౌంటు కూడా లాకైంది కాబట్టి డౌన్‌లోడ్ కుదరలేదు. వాట్సాప్‌వి మూడు గ్రూపులవి తీసినా. సమస్య ఏమంటే మా వాళ్ళు టైపు కొట్టరు, అంతా వాయిస్ మెసేజీలే, లేదంటే ఫోటోలు. యార్డు రేట్లు బోర్డు మీద రాసింది ఫోటో తీసి పెడతారు. కొందరు పెద్దోళ్ళు నోటుబుక్కులో రాసింది ఫోటో తీసి పెట్టినారు. ఇవన్నీ అట్లే పెట్టేస్తే సరిపోదా సైట్లో?


తుంగభద్ర_గట్టు
సోమవారం రాత్రి 8:05

సరిపోదు. దయచేసి అలా పెట్టొద్దు.

నేను కర్నూలులో టీచర్ని, నాకు చూపు లేదు. ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే, తెర మీదది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లతో చదువుతాను, ఈ థ్రెడ్ కూడా అలాగే విన్నాను. ఎన్‌వీడీఏ అనేది ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్ళు 2006లో మొదలుపెట్టారు, అంతకుముందు ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే కంప్యూటర్ కంటే దాని ధరే ఎక్కువ ఉండేది, ఇది పూర్తిగా ఉచితం, దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. గొంతు మర మనిషిలా ఉంటుంది, అలవాటైపోయింది.

మీరు అక్షరాలతో రాస్తే నేను చదవగలను. బోర్డు ఫోటో పెడితే నాకు వినిపించేది "ఇమేజ్" అనే ఒక్క మాట. ఫోటో నుంచి అక్షరాలు తీసే యాప్‌లు ఉన్నాయి గానీ చేతిరాత తెలుగులో ఒత్తులూ దీర్ఘాలూ ఎటు పోతాయో తెలీదు, అంకెలు తప్పు చదివితే మీకు టన్నుకి వేలల్లో తేడా. మా అన్నకి కోడుమూరు దగ్గర తోట ఉంది, రేట్లు నన్నే అడుగుతాడు, ఎందుకంటే ఇంట్లో ఇంటర్నెట్ బాగా వాడేది నేనే. ఇంగ్లీషులో ఉన్న సగం ప్రపంచాన్ని నేను చదవగలను గానీ మా ఊరి పక్క యార్డు రేటు చదవలేను.

చూపున్న వాళ్ళకి కూడా ఇదే నష్టం అని మీరు గమనించారో లేదో. ఫోటోలో ఉన్న మాట వెతికితే దొరకదు. పాత రోజుల్లో తెలుగు పేపర్ల సైట్లు ఒక్కొక్కటి సొంత ఫాంటు పెట్టుకునేవి, ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలు కనపడేవట, ఒకదాన్నుంచి కాపీ చేసి ఇంకోచోట పెడితే చెత్త, గూగుల్‌కి అది తెలుగని కూడా తెలిసేది కాదు. అన్ని చోట్లా ఒకేలా చెల్లే యూనికోడ్ అక్షరాల్లోకి వచ్చాక కదా తెలుగులో వెతకడం అనేది మొదలైంది. ఇప్పుడు ఫోటోలతో మళ్ళీ ఆ రోజుల్లోకే పోతున్నాం, కవితలు ఫోటో, పెళ్ళి పిలుపు ఫోటో, కలెక్టరాఫీసు ప్రకటన ఫోటో.

కాబట్టి ఫోటో పెట్టండి, దాని కింద అందులో ఏముందో రాయండి. ఆకు ఫోటో అయితే "ఆకు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా" అని రాయండి, దాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు, పేజీలో పెట్టే చోటు వేరే ఉంటుంది. వాయిస్ ఉంచండి, కింద దాని సారాంశం రాయండి, చెవుడు ఉన్న రైతులూ ఉంటారు. ఇంకా, పేజీ తెరవగానే మీద పడే పాప్‌అప్‌లు, బొమ్మల్లో బస్సులెక్కడున్నాయో నొక్కమనే పరీక్షలు పెట్టకండి.

ఇది దయ చూపించమని అడగడం కాదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని. ఆ కేసు వేసిన వాళ్ళలో యాసిడ్ దాడికి గురైన వాళ్ళు ఉన్నారు. బ్యాంకు కేవైసీలో కెమెరా ముందు కన్ను ఆర్పమంటే కన్నే సరిగా లేని మనిషి ఎలా ఆర్పుతుంది? యాప్ చేసినవాడికి అలాంటి మనిషి ఉంటుందనే ఆలోచన రాలేదు.


క్లాక్‌టవర్_కాడ
సోమవారం రాత్రి 8:50

టీచరు గారూ, నేను అంత పొడుగ్గా రాసి ఈ ముక్క ఒక్కటి మర్చిపోయాను, సిగ్గుగా ఉంది. తమ్ముడూ, ముందు ఇది చెయ్, నేను చెప్పింది తర్వాత. ఫోన్లోనే తెలుగులో మాట్లాడితే టైపు చేసే కీబోర్డు ఉంది కదా, వాయిస్‌లు విని నువ్వు మళ్ళీ చెప్పుకుంటూ పో, తప్పులు చేత్తో దిద్దు.


ఆదోని_పత్తి
మంగళవారం ఉదయం 6:30

ఇంకో ప్రశ్న అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఇంత కష్టపడి ఓపెన్‌గా పెడతారు. ఏఐ కంపెనీలోడు వచ్చి మొత్తం ఊడ్చుకుని పోతాడు. రేపు రైతు గూగుల్లో అడిగితే పైన్నే జవాబు వచ్చేస్తాది, నీ సైటుకి ఎవుడూ రాడు. ఇది మనం పండించింది మార్కెట్‌కి తోలితే సూటు కోసుకున్నట్టు గూడా కాదు, బండి బండే తోలుకుపోయినట్టు.


క్లాక్‌టవర్_కాడ
మంగళవారం ఉదయం 9:10

న్యాయమైన ప్రశ్నే. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది, మెషిన్లకి "ఇక్కడికి రావొద్దు" అని చెప్పేది, 1994 నుంచి ఉంది. అది బోర్డు మాత్రమే, గేటు కాదు. మర్యాద ఉన్నోడు ఆగుతాడు, లేనోడు దాటుకుని వస్తాడు.

సూటు మాట ఎత్తావు కాబట్టి చెప్తా, వాళ్ళ దగ్గరా సూటు ఉంది, చాలా పెద్దది. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టి దాంట్లో డిజిటల్ సరుకు అమ్మితే నూటికి ముప్పై కోసుకునేవాళ్ళు, 2021 నుంచి చిన్నవాళ్ళకి పదిహేను చేశారు. వాళ్ళ బిల్లింగే వాడాలన్న దాని మీద మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది, అప్పీల్లో 2025 మార్చిలో అది 216 కోట్ల చిల్లరకి దిగింది. అదే 2022 అక్టోబర్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో తమ యాప్‌లే ముందుగా ఉండేలా చూసుకున్నందుకు 1337 కోట్లు వేశారు, అది మాత్రం అప్పీల్లో నిలబడింది. అమెరికాలో 2024 ఆగస్టులో కోర్టు గూగుల్ సెర్చ్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమే అని తేల్చింది. ఆ కేసులో బయటపడ్డ లెక్క ఏమంటే, ఫోన్లలో, బ్రౌజర్లలో తమ సెర్చే ముందు ఉండాలని 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు కట్టారు. రూపాయలు కాదు. బాగుంటే జనం వాళ్ళే వాడతారు కదా, అంత ఎందుకు కడతారు అని నాకప్పుడు అనిపించింది.

నేను మార్పు వస్తుందనుకునేది జరిమానాల వల్ల కాదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి తెరవమని చెప్పే రూళ్ళ వల్ల. మన యూపీఐ చూడు, నువ్వు ఫోన్‌పేలో పంపిస్తే నాకు గూగుల్‌పేలో పడుతుంది. ఈమెయిల్ ఎప్పటినుంచో అంతే. వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కి ఎందుకు పోదు? చేయలేక కాదు. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీల మీద అమల్లోకి వచ్చింది, దాంట్లో వాట్సాప్ లాంటివి బయటి యాప్‌లతో మాట్లాడనివ్వాలని ఉంది. మన దగ్గర అలాంటిది ఇంకా లేదు.


మైదుకూరు_పసుపు
మంగళవారం ఉదయం 11:35

ఏఐ వాడు తీసుకుంటే తీసుకోనీలే అనిపిస్తాది నాకు ఒక్కోసారి. తెలుగులో మంచి సమాచారం లేకనే గదా అవి పిచ్చి జవాబులు చెప్పేది. నేను పసుపు దుంపకుళ్ళుకి ఏం కొట్టాల అని ఒక ఏఐని అడిగితే ఎంత ధైర్యంగా చెప్పిందో, మా ఊరి మందుల షాపోడు కూడా అంత ధైర్యంగా చెప్పడు. యాడిది అని అడిగితే ఊరూ పేరూ లేదు. నాకు భయం దానికే. తప్పు పాళ్ళు చెప్తే తోట పోతాది, ఎవున్ని అడగాల? సైట్లో అయితే రాసినోడు ఉంటాడు, పోయి గల్లా పట్టుకోవచ్చు.

కాపీల సంగతి క్లాక్‌టవర్ అన్న చెప్పినాడు, దానికి మా కడప ముచ్చట ఒకటి. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితుల్ని జీతానికి పెట్టి తాటాకుల మీద ఉండేవి తెప్పించి ఎత్తి రాయించినాడు. ఒకే పుస్తకం నాలుగైదు చోట్లవి తెప్పించి పోల్చి చూసేది. ఆయన నిఘంటువు 1852లో అచ్చయింది, ఈ పొద్దు ఆంధ్రభారతి సైట్లో మాట కొడితే క్షణంలో వస్తాది, లాగిన్ లేదు, డబ్బు లేదు. దాని మీద ఇప్పుడు ఎవురికీ హక్కు లేదు కాబట్టి, అక్షరాల్లో ఎక్కించినారు కాబట్టి. ఆ బంగళా ఉన్న తావే ఇప్పుడు బ్రౌన్ లైబ్రరీ. నేను పోటీ పరీక్షలకి ఆడ్నే చదివినా, పరీక్ష మాత్రం పాస్ కాలేదు.

చీనీ తమ్ముడూ, నీ సైట్లో కింద ఒక లైను రాయి, "ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, ఎక్కడిదో చెప్పండి" అని. నీకు రేపు ఓపిక లేకపోయినా ఇంకోడెవడన్నా పెడతాడు.


గార్లదిన్నె_చీనీ
శుక్రవారం రాత్రి 10:15

నాలుగు రోజులు కనపడలేదు, తోటకి నీళ్ళ వంతు, దాంతో పాటు ఇదే పని. డాట్ ఇన్ పేరు నా పేరు మీదే కొన్నా. మెంబర్లు పంపిన స్క్రీన్‌షాట్లు 340 దాకా వచ్చినాయి, సగం మసక మసకగా ఉండాయి. పుట్లూరు పెద్దాయన ఒకాయన, గ్రూపులో రాసిన దానికంటే జాస్తి నోటుబుక్కులో రాసి పెట్టినాడంట, మొన్న బైకేసుకుని పోయి చూసి వచ్చినా, 2011 నుంచి ఏ నెల నీళ్ళాపినాడు, ఏ నెల పూత వచ్చింది, రేటెంత, అన్నీ ఉండాయి. ఆయన స్మార్ట్‌ఫోన్ వాడడు. గ్రూపులో ఉండేది ఆయన మనమడు. ఎనిమిదేళ్ళుగా ఆయన గ్రూపులో ఉన్నాడనే అనుకుంటి నేను.

మొదట ఒక్క పేజీ పెట్టినా, బంక తెగులు మీద. మూడు ఫోటోలు, కింద ఏముందో రాసినా, టీచరమ్మ చెప్పినట్టే. పేజీ మొత్తం 200 కేబీ లోపే, మా తోటలో టూజీ సిగ్నల్ వచ్చే మూల కూడా తెరుచుకుంది. లింకు వాట్సాప్ గ్రూపుల్లో వేసినా, ముందు సైట్లో, తర్వాత గ్రూపులో అని అలవాటు చేసుకుంటాండా. ఆదోని అన్నా, మొదటి రోజు 61 మంది చూసినారు, దాంట్లో నేను ఒక పది ఉంటా.

టీచరమ్మా, మీరొకసారి చదివి చూస్తారా, మీకెట్ల వినపడతాందో చెప్పండి. వీలైతే మీ అన్నని కూడా వినమనండి.


తుంగభద్ర_గట్టు
శనివారం ఉదయం 7:40

ఇద్దరం కూర్చుని విన్నాం. హెడ్డింగులు బాగా వచ్చాయి, మూడో ఫోటో వివరణ లేదు, "ఇమేజ్" అనే అంది, చూడండి.

మా అన్న ఒకటి చెప్పమన్నాడు, ఇది అర్జెంటు. కాండానికి పూసే బోర్డో పేస్టుకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు అని రాశారు. అది చెట్టు మీద పిచికారీ చేసే ద్రావణం పాళ్ళు అట. పూసే పేస్టుకి పది లీటర్లే. వంద కలిపితే నీళ్ళలా కారిపోతుంది, బంకకి ఏం పట్టదు అంటున్నాడు.


గార్లదిన్నె_చీనీ
శనివారం ఉదయం 7:58

అయ్యో. స్క్రీన్‌షాట్లో ఆ మూల మసగ్గా ఉండె, నేనే ఊహించి కొట్టినా. మా నాయనని అడిగితే ఆయనా పదే అన్నాడు, తిట్లు కూడా పడినాయి. మార్చేసినా. కింద "శనివారం దిద్దినాం, కోడుమూరు రైతు చెప్పినారు" అని రాసినా. మూడో ఫోటోకి కూడా రాసినా.

మీ అన్నకి ఫోన్ నంబర్ ఉంటే ఇక్కడ కాదు గానీ, సైట్లో మెయిల్ ఐడీ ఉంది, దానికి పంపండి. మంగు పేజీ రాస్తాండా, పెట్టే ముందు ఆయనకి ఒకసారి వినిపించాల.